ఇంటిపేరు ఏ గడిలో రాయాలి?

అమెరికా పౌరసత్వానికి అప్లై చేసినవాళ్ళకి చిన్న నోటి పరీక్ష ఒకటుంటుంది. నేను అప్లై చేసింది 2024లో. అప్పటి పద్ధతిలో వంద ప్రశ్నలు, జవాబులతో సహా ముందే ఇచ్చేస్తారు. ఇంటర్వ్యూలో ఆఫీసరు వాటిలోంచి పది దాకా అడుగుతారు, ఆరు చెబితే పాస్. ఎంసెట్లు రాసొచ్చిన మనకి ఇదో పరీక్షా అనిపిస్తుంది గానీ, యాభైకి దగ్గరపడ్డాక ఏది చదివినా బుర్రలో నిలవదు. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ప్రశ్నలడగడం, నేను అప్పజెప్పడం. చిన్నప్పుడు దానికి నేను ఎక్కాలు చెప్పించినందుకు కక్ష తీర్చుకుందన్నమాట :)

ఒక రాత్రి మూడు ప్రశ్నలు దగ్గర దగ్గరగా తగిలాయి. అమెరికా రాజ్యాంగంలో మొదటి మూడు మాటలేమిటి? "వుయ్ ద పీపుల్" అన్నాను. 1900ల్లో అమెరికా చేసిన యుద్ధం ఒకటి చెప్పు? "వియత్నాం". స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఎక్కడుంది? "న్యూయార్క్ హార్బర్‌లో, లిబర్టీ ఐలాండ్ మీద."

"ఇంకోటి ముక్కలు ముక్కలుగా ఊరూరా ఉంది, అది కూడా చెప్పు నాన్నా" అని నవ్వింది మా అమ్మాయి.

ఇది మా ఇంట్లో మా ఇద్దరికే అర్థమయ్యే జోకు. ఆ ముక్కలు చేయించినాయన పేరు డాన్ వో. వియత్నాంలో పుట్టి డెన్మార్క్‌లో పెరిగిన కళాకారుడు. కళ గురించి రాసే అర్హత నాకేమీ లేదు. ఇరవై ఏళ్ళకి పైగా డేటాబేసులతో కాపురం చేస్తున్నవాణ్ణి. కానీ పౌరసత్వం ఫారం నింపుతున్నప్పుడు ఒక గడి దగ్గర ఆగిపోయాను. అక్కడ నాకు గుర్తొచ్చింది ఈ మనిషే. అందుకే ఇదంతా.

మొదటిసారి ఆయన పని చూసింది 2014 ఎండాకాలంలో. బ్రూక్లిన్ బ్రిడ్జి పార్కుకి వెళ్ళాం. ఇండియా నుంచి చుట్టాలొస్తే న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళందరం చేసే డ్యూటీయే. పార్కులో గడ్డి మీద పెద్ద పెద్ద రాగిరేకులు వంకరటింకరగా పడున్నాయి. ఏదో కట్టి సగంలో వదిలేశారనుకున్నాను. పదేళ్ళ మా అమ్మాయి వెళ్ళి బోర్డు చదివొచ్చి, ఇది స్టాట్యూ ఆఫ్ లిబర్టీ అని చెప్పింది. నేను నమ్మలేదు. మేం నిలబడ్డ ఒడ్డు నుంచి చూస్తే అసలు విగ్రహం నీళ్ళకి అవతల, దూరంగా బొమ్మలా కనపడుతూనే ఉంది.

పిల్ల చెప్పిందే నిజం. ఆ పని పేరు "వుయ్ ద పీపుల్". స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి అచ్చంగా అసలు కొలతల్లోనే నకలు, సుమారు 250 ముక్కలుగా. 2011లో మొదలుపెట్టి షాంఘైలో చేయించాడు. అసలు విగ్రహాన్ని బార్తోల్డీ ఎలా చేయించాడో అలాగే, రాగిరేకుని సుత్తితో కొట్టి కొట్టి వంపులు తీసుకొచ్చారు. మందం కూడా అసలుదంతే, సుమారు 2.4 మిల్లీమీటర్లు. అంటే రెండు పెన్నీ నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, కాస్త అటూఇటూగా. 1886 నుంచి నిలబడి ఉన్న అంతటి విగ్రహం లోపల డొల్ల, పైనున్నది ఇంత పల్చటి తొడుగు. ఆ పల్చదనమే తనని పట్టుకుందని డాన్ వో చెప్పుకున్నాడు.

అసలు సంగతి ఏంటంటే, ఆ ముక్కల్ని కలిపి విగ్రహంగా నిలబెట్టే ఉద్దేశం ఆయనకి లేనే లేదు. చేసిన ముక్కని చేసినట్టు ఒక్కో దేశానికి, ఒక్కో మ్యూజియానికి పంపించేశాడు. ఒకచోట చెవి, ఒకచోట చీర కుచ్చిళ్ళలాంటి అంగీ మడత, ఇంకోచోట గొలుసు ముక్క. ఏ ఊళ్ళో చూసినవాడికైనా ముక్కే కనిపిస్తుంది. ఆ రోజు నాకిది కేవలం తమాషాగానే అనిపించింది. చుట్టాలకి ఫోటోలు తీసి, ఎడిసన్‌లో దోసెలు తిని ఇంటికొచ్చేశాం.

ఆయన ఎవరో తెలుసుకున్నది తర్వాత. డాన్ వో 1975లో దక్షిణ వియత్నాంలోని బారియా అనే ఊళ్ళో పుట్టాడు. అదే ఏడాది సైగాన్ పడిపోయింది. 1979లో వాళ్ళ నాన్న సొంతంగా తయారుచేసిన పడవలో కుటుంబం, ఇంకా చాలామంది, సముద్రంలోకి బయల్దేరారు. దారిలో డెన్మార్క్‌కి చెందిన మెర్స్క్ కంపెనీ సరుకు ఓడ వాళ్ళని ఎక్కించుకుంది. ఓడ ఏ దేశానిదైతే చివరికి ఆ దేశమే వాళ్ళ దేశమైంది. అదే సమయానికి ఇంకో జెండా ఉన్న ఓడ వచ్చుంటే ఈయన జపాను వాడో నార్వే వాడో అయ్యుండేవాడు. మన క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఏ కంపెనీ ముందొస్తే దాంట్లో చేరిపోయినట్టు. (పోలిక మరీ చీప్‌గా ఉంది, ఒప్పుకుంటాను. వాళ్ళది ప్రాణాల మీదకి వచ్చిన ప్రయాణం, మనది టాక్సీ, ఎయిర్‌పోర్టు, ఆవకాయ సీసా.)

ఇప్పుడు మనకి కావలసిన ముక్క. వియత్నాంలో పేరు రాసే పద్ధతి మన తెలుగువాళ్ళ పద్ధతే. ముందు ఇంటిపేరు, తర్వాత మధ్య పేరు, చివర పిలిచే పేరు. ఆయన పేరు వో ట్రుంగ్ కీ డాన్. వో ఇంటిపేరు, డాన్ పిలుపు. డెన్మార్క్‌లో కాగితాల మీదకి ఎక్కించినప్పుడు వాళ్ళ గడుల ప్రకారం తిరగేశారు, ట్రుంగ్ కీ-డాన్ వో అయింది. ఇంట్లో పిలిచే పేరు మధ్యలో ఇరుక్కుపోయింది, మధ్యలో ఉండాల్సింది ముందుకొచ్చి కూర్చుంది.

ఇది చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను. ఎందుకంటే నాకు అసలు ముందు పేరే లేదు.

మా నాన్న దస్తావేజు లేఖరి. గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, వేపచెట్టు కింద బల్ల వేసుకుని స్టాంపు కాగితాల మీద అమ్మకం దస్తావేజులు, తనఖాలు, వీలునామాలు రాసేవారు. ముత్యాల్లాంటి దస్తూరీ. కొట్టివేత అంటూ ఉండేది కాదు. 1998లో రాష్ట్ర ప్రభుత్వం కార్డ్ అని పేరు పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసులన్నిటిలో కంప్యూటర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఆఫీసుల్లో దస్తావేజుని చేత్తో పుస్తకంలోకి ఎక్కించే పని పోయి స్కానింగ్ వచ్చింది. నాన్న బల్ల కూడా మెల్లగా పల్చబడింది. అదే ఏడాది నేను జావా నేర్చుకుంటున్నాను. ఇంట్లో ఎవరూ ఆ రెండు విషయాల్నీ కలిపి మాట్లాడలేదు.

నా పాస్‌పోర్టు అప్లికేషన్ నాన్నే నింపారు. సర్‌నేమ్ అని ఒక గడి, గివెన్ నేమ్ అని ఇంకో గడి. నాన్న నా పదో తరగతి సర్టిఫికెట్ ముందు పెట్టుకుని, దాంట్లో మూడు మాటలు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో మొత్తం గివెన్ నేమ్ గడిలో రాశారు. సర్‌నేమ్ ఖాళీ. "ఇంటిపేరు విడిగా రాయాలేమో నాన్నా" అంటే, "మూలపత్రంలో ఎలా ఉంటే అలాగే దించాలిరా. మనం విడగొడితే రేపెవడో వచ్చి వీళ్ళిద్దరూ వేరే వేరే మనుషులంటాడు" అన్నారు. ఆయన వృత్తిలో అది వేదవాక్కు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నందుకు పొలాలు కోర్టుల్లో ఇరవై ఏళ్ళు మురిగిపోవడం చూసిన మనిషి.

కానీ అమెరికా వీసాకి ఖాళీ గడి నచ్చదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే గివెన్ నేమ్‌లో ఉన్నదంతా తీసుకెళ్ళి సర్‌నేమ్‌లో పడేస్తారు. ఖాళీ అయిన గివెన్ నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, ముందు పేరు తెలియదు అని. మనవాళ్ళలో ఈ బాధితులు బోలెడుమంది, చదువుతున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఇప్పటికే తలూపుతూ ఉంటారు. డాక్టరు ఆఫీసులో నర్సు తలుపు తీసి "ఫ్నూ? ఫ్నూ?" అని పిలుస్తుంది. మొదటి రెండుసార్లు ఎవరో చైనా ఆయన అనుకుని నేను కూడా అటూ ఇటూ చూశాను.

2001లో, దిగిన రెండో వారం, లైసెన్సు కోసం ఒక ఆఫీసులో మూడు గంటలు క్యూలో నిలబడ్డాక కాగితాలు సరిపోలేదని వెనక్కి పంపారు. అప్పటికే మాంద్యం, ప్రాజెక్టు దొరకలేదు, చలి. ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసి నాన్న మీద అరిచాను. "జీవితమంతా ఊరందరి పేర్లూ రాశావు, నా పేరు రాయడం చేతకాలేదు" అన్నాను. అవే మాటలు. నాన్న ఏమీ అనలేదు. "కార్డులో నిమిషాలు అయిపోతాయి, అమ్మతో మాట్లాడు" అని ఫోన్ ఇచ్చేశారు.

మూడు వారాల తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరొచ్చింది. దాని సంగతి చివర్లో చెప్తాను.

సరే, డాన్ వో దగ్గరికొద్దాం. 2018లో ఫిబ్రవరి నుంచి మే దాకా న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన పనులన్నీ కలిపి పెద్ద ప్రదర్శన పెట్టారు. మా అమ్మాయికి స్కూల్లో ఏదో ప్రాజెక్టు, తీసుకెళ్ళమంది. "ఆ రాగిరేకుల ఆయనే నాన్నా" అని గుర్తుచేసింది. సరే, పార్కింగ్ డబ్బులు దండగ అనుకుంటూనే వెళ్ళాను.

అది గుండ్రంగా మెలి తిరుగుతూ పైకెళ్ళే భవనం. వాలు మీద నడుస్తూ చూస్తూ పోవాలి. చూస్తే ఏముందీ, ఒకచోట వాషింగ్ మెషీను, దాంతో కలిపి చిన్న ఫ్రిజ్జు, ఒక టీవీ, చెక్క శిలువ. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గరాజ్ సేల్‌లో కూడా ఎవరూ కొనరు. పక్కన చీటీ చదివితే అవి ఆయన అమ్మమ్మవో నాయనమ్మవో, ఆ పెద్దావిడవి. ఆవిడ శరణార్థిగా జర్మనీ చేరింది. కొత్త దేశంలో కాపురం మొదలుపెట్టినప్పుడు సంక్షేమ సంస్థల నుంచీ చర్చి నుంచీ వచ్చిన సామాన్లు అవి. పేరు "ఓమా టోటెమ్". జర్మన్‌లో ఓమా అంటే బామ్మ. మనం సూట్‌కేసులో వెంకటేశ్వరస్వామి పటం, ప్రెషర్ కుక్కరు తెచ్చుకుంటే, ఆవిడకి అక్కడి వాళ్ళు దేవుణ్ణి, వాషింగ్ మెషీన్ని కలిపి ఇచ్చారు.

ఇంకొంచెం పైకెళ్తే ఒక అట్టహాసమైన షాండ్లియర్. ప్యారిస్‌లో హోటల్ మజెస్టిక్ అని ఉండేది, వియత్నాం యుద్ధం ఆపడానికి 1973 జనవరి 27న ఒప్పందం మీద సంతకాలు చేసింది అక్కడే. ఆ హాల్లో వేలాడిన షాండ్లియర్లు మూడింటిని ఈయన సంపాదించాడు. వాటికి ఆయన పెట్టిన పేర్లు కేవలం తేదీ, సమయం. ఏ రోజు ఎన్ని గంటలకి కిందకి దించారో అదే పేరు. మన లాగ్ ఫైల్లో టైమ్‌స్టాంపులాగ.

తర్వాత హెన్రీ కిసింజర్ ఉత్తరాలు. న్యూయార్క్ పోస్టులో కాలమ్ రాసే లెనర్డ్ లయన్స్‌కి రాసినవి, మొత్తం పద్నాలుగు. నాటకాలకీ, బాలేకీ టికెట్లు పంపినందుకు థాంక్సులు. ఒకదాంట్లో రావాలనే ఉంది గానీ కంబోడియా పని పడింది అన్న అర్థం వచ్చే మాటలు. టైపు చేసిన చక్కటి మర్యాద కాగితం. కింద సంతకం. ఆ "పని" ఏమిటో మనకి తెలుసు కాబట్టి చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఇంకోచోట, కెనడీ కేబినెట్ గదిలోని రెండు కుర్చీలు. కెనడీ పోయాక ఆయన భార్య వాటిని రక్షణ మంత్రి మెక్‌నమారాకి ఇచ్చింది. వియత్నాం యుద్ధాన్ని నడిపించిన పెద్దల్లో ఆయనొకడు. 2012లో ఆ సామాను వేలానికొస్తే డాన్ వో కొన్నాడు. కొని, తోలు ఒకచోట, చెక్క ఒకచోట, మేకులు ఒకచోట విడదీసి పెట్టాడు. కోడిని కోసి వేలాడదీసినట్టుంది ఆ తోలు.

ఇక్కడ నాలో ఉన్న తెలుగు నాన్న నిద్రలేచాడు. ఇందులో ఈయన చేసిందేముంది? కొన్నాడు, పెట్టాడు, చీటీ అంటించాడు. ఆ చీటీ పీకేస్తే ఇది పాత ఇనప సామాను కొట్టు. డబ్బున్న మ్యూజియాలు ఇలాంటివాటికి లక్షల డాలర్లు పోస్తాయి, నేనేమో పార్కింగ్‌కి ఏడుస్తున్నాను. మా అమ్మాయితో అదే అన్నాను కూడా.

అని రెండడుగులు వేశాక తట్టింది. చీటీ పీకేస్తే ఏమీ మిగలని వస్తువుల మీదే కదా మా నాన్న బతికింది! పొలం కొనేటప్పుడు ఎవరూ మట్టిని చూసి కొనరు. లింకు డాక్యుమెంట్లు చూస్తారు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎంతకి, సాక్షులెవరు. ముప్ఫై ఏళ్ళ గొలుసు తెగకుండా ఉంటేనే అది పొలం, లేకపోతే గొడవ. డాన్ వో వస్తువులకి లింకు డాక్యుమెంట్లు రాస్తున్నాడు. ఈ కుర్చీ ఎవరిది, ఎవరికిచ్చారు, ఎవరు కూర్చుని ఏ నిర్ణయం తీసుకున్నారు, ఆ నిర్ణయం వల్ల ఏ పిల్లాడు పడవెక్కాడు, ఆ పిల్లాడు పెద్దయి వేలంలో చెయ్యెత్తాడు. గొలుసు పూర్తయింది.

ఆయనే తన పేరుతో కూడా ఒక ఆట ఆడాడు. 2002లో మొదలుపెట్టిన పని అది, పేరు "వో రొసాస్కో రాస్‌ముసెన్". తనకి కావలసినవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని పెళ్ళి చేసుకోవడం, వెంటనే విడాకులు తీసుకోవడం, వాళ్ళ ఇంటిపేరు మాత్రం అట్టే పెట్టుకోవడం. దాంతో ఆయన అధికారిక పేరు తోకలా పెరుగుతూ పోయింది. ప్రభుత్వం గడులు నా పేరు మార్చగలిగితే, అవే గడులతో నేనూ మార్చుకుంటాను చూడండి అన్నట్టు. సిస్టంలో లొసుగుని బగ్ అనకుండా ఫీచరులా వాడుకున్న మనిషి. ప్రోగ్రామరుగా నేను దీనికి దణ్ణం పెట్టాను.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒకే ఒక్క కాగితం. గోడ మీద చిన్న ఫ్రేములో ఫ్రెంచిలో ఒక ఉత్తరం, అందమైన చేతిరాత. 1861 ఫిబ్రవరి 2న హనోయ్‌లో తియోఫాన్ వేనార్ అనే ఫ్రెంచి మిషనరీకి తల తీసేశారు. చావుకి ముందు అతను ఊళ్ళో ఉన్న తన తండ్రికి రాసుకున్న వీడ్కోలు ఉత్తరం అది. ఇలాంటి మిషనరీల హత్యల్నే సాకుగా చూపించి ఫ్రాన్సు వియత్నాంని ఆక్రమించింది. 1988లో చర్చి అతన్ని సెయింట్‌గా ప్రకటించింది. ఆ ఉత్తరాన్ని నకలు రాసేది ఎవరనుకున్నారు? డాన్ వో వాళ్ళ నాన్న, ఫుంగ్ వో. ఎవరైనా అడిగి కొనుక్కుంటే ఆయన కూర్చుని చేత్తో మళ్ళీ ఒక నకలు రాసి పోస్టు చేస్తాడు. తాను బతికున్నంతకాలం ఎన్నయితే అన్ని. మొత్తం ఎన్ని కాపీలన్నది ఆయన పోయాకే తేలుతుంది.

ఫుంగ్ వోకి ఫ్రెంచి రాదు.

ఒక కొడుకు తండ్రికి రాసిన ఆఖరి ఉత్తరం. దాన్ని ఇంకో తండ్రి, ఒక్క ముక్క అర్థం కాకుండా, కొడుకు చెప్పాడని, అక్షరం పోకుండా మళ్ళీ మళ్ళీ దించుతున్నాడు. "మూలపత్రంలో ఎలా ఉంటే అలాగే దించాలిరా." అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మా అమ్మాయి పైదాకా వెళ్ళి తిరిగొచ్చి "ఏమైంది నాన్నా" అంది. ఏమీ లేదమ్మా, దస్తూరీ బావుంది కదా అన్నాను. మా నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఇంటికొచ్చే దారిలో ఇంకో సంగతి గుర్తొచ్చింది, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. 2009 ప్రాంతంలో మా టీం ఒక కస్టమర్ రిజిస్ట్రేషన్ పేజీ చేసింది. టేబుల్ డిజైన్ నాదే. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, రెండూ నాట్ నల్. ఇండోనేషియా నుంచి ఒకాయన కంప్లయింట్ పెట్టాడు, నాకు ఒకటే పేరు, లాస్ట్ నేమ్ లేదు, మీ పేజీ ముందుకి పోనివ్వడంలేదు అని. అక్కడ చాలామందికి ఒకటే పేరుంటుంది. నేనేం చేశాను? "లాస్ట్ నేమ్ తప్పనిసరి, అదే పేరు రెండుసార్లు కొట్టండి" అని రాసి, "వర్కింగ్ యాజ్ డిజైన్డ్" అని టికెట్ మూసేశాను. అప్పుడు నా జేబులో ఉన్న లైసెన్సు మీద ఎఫ్ఎన్‌యూ అని ఉంది. అయినా ఒక్క క్షణం కూడా తట్టలేదు.

డెన్మార్క్‌లో ఆ పేరు తిరగేసిన గుమాస్తా ఎలా ఉండుంటాడా అని అంతకుముందు ఊహించుకునేవాణ్ణి. దుర్మార్గుడేమీ అయ్యుండడు. శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో ఉన్న నాలాంటి వాడే. దేశం, జాతీయత, గుర్తింపు అని మనం పెద్ద పెద్ద మాటలంటాం. అవి మనింటికి వచ్చేటప్పుడు మాత్రం ఒక ఫారంలా వస్తాయి. గడులు ముందే గీసి ఉంటాయి, ఎవరు గీశారో రాసి ఉండదు. పట్టకపోతే మన పేరే విరిచి దాంట్లో కుక్కుతాం.

ఈ కథలో ఇంకో మలుపుంది. కాగితాల్లో పేరు తిరగేసిన ఆ డెన్మార్కే 2015లో వెనిస్ బియెనాలేలో తమ దేశం తరఫున డాన్ వోని పంపింది. ఆయన తన ప్రదర్శనకి పెట్టిన పేరు "మదర్‌టంగ్", అంటే మాతృభాష. ఏ భాష అన్నది మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు నా ఫారం. పౌరసత్వం అప్లికేషన్లో ఒక ప్రశ్న ఉంటుంది, మీ పేరు చట్టబద్ధంగా మార్చుకోదలిచారా అని. అవునంటే జడ్జి ఎదుట ప్రమాణం చెయ్యాల్సిన బ్యాచ్‌లో వేస్తారు. ఇరవై మూడేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం, ఎఫ్ఎన్‌యూ వదిలిపోతుంది. టక్కున అవునని పెట్టాలి కదా. వారం రోజులు పెట్టలేకపోయాను. డాన్ వో అయితే ఏం చేసేవాడు? ఎఫ్ఎన్‌యూని అలాగే ఉంచి గోడకి తగిలించేవాడేమో. నేను కళాకారుణ్ణి కాదు. విమానం ఎక్కాలి, బ్యాంకు లోను కావాలి, నా తర్వాత నా పిల్లకి నా పేరుతో ఉన్న కాగితాలతో ఇబ్బంది రాకూడదు. అవునని పెట్టాను. పిలిచే పేరు ముందు గడిలో, ఇంటిపేరు చివరి గడిలో రాశాను. డెన్మార్క్ గుమాస్తా ఆయనకి చేసింది నాకు నేనే, నా చేత్తోనే చేసుకున్నాను.

పాత కాగితాలన్నీ వెతుకుతుంటే ఫైల్లో ఆ కవరు దొరికింది, 2001లో రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. లోపల పది రూపాయల స్టాంపు కాగితం. నాన్న చేతిరాతతో అఫిడవిట్. వెనక ఎవరిచేతో టైపు కొట్టించిన ఇంగ్లీషు అనువాదం, నోటరీ ముద్ర, ఇద్దరు సాక్షుల చేవ్రాలు. నా కుమారుడు ఫలానా పేరుతోనూ, అమెరికా వీసా ప్రకారం ఫలానా పేరుతోనూ పిలవబడుచున్నాడనీ, పై రెండు పేర్లు గల వ్యక్తి ఒక్కడే గాని వేర్వేరు వ్యక్తులు కారనీ, ఇది నా పూర్తి ఎరుకతో ప్రమాణపూర్వకంగా రాసి ఇచ్చిన నిజమనీ. కొట్టివేతలు లేవు. నేను తిట్టినదానికి ఆయన జవాబు అదొక్కటే. అప్పట్లో దాన్ని ఒక్క ఆఫీసులో కూడా చూపించలేదు. మన స్టాంపు కాగితం ఇక్కడెవడు చూస్తాడని నామోషీ. వచ్చిందని ఫోన్లో చెప్పానో లేదో కూడా గుర్తులేదు. బహుశా చెప్పలేదు.

ఇంటర్వ్యూలో ఆఫీసరు స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఎక్కడుంది అని అడగనే అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను, అతి తెలివికి పోలేదు. 2025లో ప్రమాణం అయింది. కొత్త పేరుతో సర్టిఫికెట్ వచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేస్తే, రద్దయిందని ముద్ర కొట్టి తిరిగి పంపించారు.

ఇప్పుడు ఒకే ఫైల్లో వరసగా పదో తరగతి సర్టిఫికెట్, రద్దయిన పాస్‌పోర్టు, కొత్త సర్టిఫికెట్ ఉన్నాయి. మూడింట్లో పేరు మూడు రకాలుగా ఉంది, దేశాలు రెండు. తెలియనివాడు చూస్తే వీళ్ళంతా వేరే వేరే మనుషులంటాడు. అందుకే నాన్న కాగితాన్ని ఆ పాస్‌పోర్టుకీ సర్టిఫికెట్‌కీ మధ్యలో పెట్టాను, లింకు డాక్యుమెంటుగా. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఆ కాగితం తీసి వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఏం రాశారు తాతగారు?" అంది. చదివి వినిపించాను. ఒక వాక్యం దగ్గర గొంతు పట్టేసింది, ఏ వాక్యమో మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి కాగితాలు ఏ సూట్‌కేసు అడుగునో ఉంటాయి. స్కాన్ చేశాం కదా అని పారేయకండి. ఇంకో మాట, మీలో ఎవరైనా ఈ వారం యూజర్ టేబుల్ డిజైన్ చేస్తుంటే లాస్ట్ నేమ్‌కి నాట్ నల్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. అవతల కవరు అంటించి పోస్టు చేసే నాన్న ఎవరో ఉంటారు.